కోటిపల్లికి ఇంకో ప్రపంచయుద్ధం కావాలి

కోటిపల్లి రైల్వే స్టేషనును తక్కువగా చూడకండి. అది రెండో ప్రపంచయుద్ధంలో పాల్గొన్న స్టేషను. హిట్లరును ఓడించడంలో దానికీ ఒక చెయ్యుంది. కాకినాడ నుంచి గౌతమి ఒడ్డున ఉన్న కోటిపల్లి రేవు దాకా 1928లో 45 కిలోమీటర్ల బ్రాడ్‌గేజి లైను వేశారు. పన్నెండేళ్లు రైలు తిరిగింది. 1940లో యుద్ధానికి ఇనుము కావలసొచ్చింది. పట్టాలు ఊడదీసి పట్టుకుపోయారు. యుద్ధానికెళ్లిన సిపాయిల్లో బతికినవాళ్లు ఇంటికొచ్చారు, పింఛను తీసుకున్నారు, అరుగుల మీద కూర్చుని మనవలకు కథలు చెప్పుకున్నారు. పట్టాలు మాత్రం ఏ దేశంలో ఏ ఇసకలో కూరుకుపోయాయో ఒక కార్డుముక్క కూడా రాయలేదు.

ఊడదీసిన తీరు మెచ్చుకోవలసిందే. సర్వే లేదు. మళ్లీ సర్వే లేదు. సవివర ప్రాజెక్టు నివేదిక లేదు. రాష్ట్రం తన వాటా ఇచ్చిందా లేదా అన్న తగువు లేదు. పర్యావరణ అనుమతి, భూసేకరణ, టెండరు, ఆ టెండరు రద్దు, కొత్త టెండరు, ఇవేమీ లేవు. వైస్రాయి లిన్‌లిత్‌గో 1939 సెప్టెంబరులో భారతదేశంలో ఒక్కరినీ అడక్కుండా భారతదేశం యుద్ధంలో ఉందని చాటించాడు. అందుకు నిరసనగా మద్రాసులో రాజాజీ మంత్రివర్గం అక్టోబరుకల్లా దిగిపోయింది. దేశాన్నే అడగనివాడు ద్రాక్షారామం స్టేషనులో బండి కోసం కూర్చున్న ముసలమ్మను అడుగుతాడా? పీకెయ్యమన్నారు, పీకేశారు. మన ప్రాంతంలో ఒక రైల్వే పని ఇంత చురుగ్గా సాగడం అదే మొదలు, అదే ఆఖరు.

ఇందులో ఇంకో విశేషం. యుద్ధం ఎక్కడో ఉందని ఇక్కడి ఇనుము అక్కడికి పంపారు. 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖతో పాటు కాకినాడ మీదా బాంబులేశాయి. ఇనుము యుద్ధాన్ని వెతుక్కుంటూ పోతే, యుద్ధం ఇనుమును వెతుక్కుంటూ వచ్చినట్టయింది. అప్పటికి ఇక్కడ పట్టాలు లేవు కనక వాటికేమీ కాలేదు. ముందుచూపంటే అదీ.

ఆ రోజుల్లో పట్టాలు పోగొట్టుకున్నది ఒక్క కోటిపల్లే కాదు, న్యాయంగా చెప్పాలి. కేరళలో షొరనూరు–నిలంబూరు లైను 1941లో ఊడదీశారు, 1954కల్లా మళ్లీ వేశారు. హిమాలయాల పాదాల దగ్గర కాంగ్రా లోయ లైనులో నగ్రోటా నుంచి జోగీందర్‌నగర్ దాకా ఉన్న ముక్కను 1942లో మూశారు, 1954లోనే తెరిచారు. కొండలు, లోయలు, వాగులు దాటి పాక్కుంటూ పోయే లైనది. కోటిపల్లి లైనులో కొండ లేదు, సొరంగం లేదు. అరచేయిలాంటి నేల, అటు వరిచేలు, ఇటు కొబ్బరితోటలు, మధ్యలో కాలవలు. ఇంత చదునుగా ఉంటే ఇంజనీర్లకు మనసు పట్టదేమో. పక్కనున్న యానాం నుంచి ఫ్రెంచి దొరలు కూడా అదే 1954లో పెట్టే బేడా సర్దుకుని వెళ్లిపోయారు. గోదారి జిల్లాలో సామ్రాజ్యాలు పోవడం తేలిక, పాసింజరు రావడం కష్టం. కోటిపల్లికి మళ్లీ రైలు వచ్చింది 2004లో. అరవై నాలుగేళ్ల తర్వాత. అంటే 1940లో టిక్కెట్టు కొని ప్లాట్‌ఫారం మీద నిలబడ్డ ఇరవై ఏళ్ల కుర్రాడికి బండి వచ్చేసరికి ఎనభై నాలుగేళ్లు. అప్పట్లో వృద్ధులకిచ్చిన రాయితీ అయినా దక్కింది, అదృష్టవంతుడు.

వచ్చిన రైలును చూద్దాం. కొన్నాళ్లకు అది రైలుబస్సుగా మిగిలింది. ఒకటే పెట్టె. ముందునుంచి చూస్తే బస్సు, కిందినుంచి చూస్తే రైలు, లోపలినుంచి చూస్తే కార్తీకమాసపు తీర్థం. కాకినాడలో బయల్దేరి కొవ్వాడ, కరప, వాకాడ, వేళంగి, రామచంద్రపురం, ద్రాక్షారామం మీదుగా కోటిపల్లి చేరేది. దారిలో రోడ్డు అడ్డమొచ్చిన చోట దాని వైభవం చూడాలి. గేటు దగ్గర బండి ఆగేది. సిబ్బందిలో ఒకాయన దిగి, అటూ ఇటూ చూసి, గేటు వేసేవాడు. బండి గేటు దాటి మళ్లీ ఆగేది. ఆయన గేటు తీసి, అవతల నిలబడ్డ మోటారుసైకిళ్లవాళ్లకు దారిచ్చి, పరిగెత్తుకొచ్చి ఎక్కేవాడు. తరవాతి గేటు దగ్గర మళ్లీ అదే వరస. లోకంలో ఎక్కడైనా రైలు వస్తోందంటే గేటు వేస్తారు. ఇక్కడ గేటు వెయ్యడానికే రైలు వచ్చేది. బండి ఆగిన ప్రతిసారీ కిటికీ పక్కన కూర్చున్నవాళ్లు దిగి నడిస్తే ముందు చేరతామా అని లెక్కలేసుకునేవారంటే వాళ్ల తప్పు లేదు. అయినా జనం ఎక్కారు, ఎందుకంటే టిక్కెట్టు చవక. చవగ్గా దొరికే ప్రయాణాన్ని గోదారి జిల్లా మనిషి ఆలస్యమని వదులుకోడు, "ఏం తొందరండీ, ఆయ్" అనుకుంటూ ఎక్కి కూర్చుంటాడు.

ఇక్కడే రైల్వేవారి లెక్కల పుస్తకం తెరుచుకుంటుంది. ఈ పుస్తకం గురించి కాస్త నిదానంగా మాట్లాడుకోవాలి, ఎందుకంటే దేశంలో చిన్న స్టేషన్లను చంపుతున్న ఆయుధం అదే. తుపాకీ కాదు, లిన్‌లిత్‌గో ఉత్తర్వు కాదు, ఒక పెన్సిలు. విధానం ఇలా ఉంటుంది. ముందు ఒక లైనులో రోజుకు ఒకే ఒక్క బండి పెట్టాలి. ఆ బండి కాలేజీకి వెళ్లే పిల్లకు పనికిరాని వేళకు బయల్దేరాలి, కచేరీలో పనున్న రైతుకు పనికిరాని వేళకు చేరాలి. పెద్ద స్టేషనులో దిగినవాడికి అందవలసిన ఎక్స్‌ప్రెస్సు అప్పుడే వెళ్లిపోయి ఉండాలి. ఈ మూడూ అమిరాక ప్రయాణికుల్ని లెక్కపెట్టాలి. వాళ్లు తక్కువగానే ఉంటారు, ఉండకేం. అప్పుడు "ఆదరణ లేదు" అని ఒక కాగితం రాయాలి. ఆదరణ లేదు కనక స్టేషన్లో మనిషిని తియ్యాలి. మనిషి లేడు కనక టిక్కెట్టు ఇచ్చే దిక్కు లేదు, టిక్కెట్టు లేదు కనక రాబడి లేదు, రాబడి లేదు కనక బండి దండగ. ఏ హోటలువాడైనా ఇడ్లీ అర్ధరాత్రి రెండింటికి వడ్డించి, ఈ ఊరివాళ్లకు ఇడ్లీ ఇష్టం లేదని బోర్డు పెడితే జనం నవ్వుతారు. రైల్వే పెడితే దాన్ని హేతుబద్ధీకరణ అంటారు.

ఈ లెక్కలో ఇంకో గమ్మత్తుంది. ఒడ్డున ఆగిపోయే లైనుకు రాబడి ఎక్కడినుంచి వస్తుంది? కోటిపల్లిలో దిగినవాడికి ఎదురుగా గౌతమి. అవతల ముక్తేశ్వరం, అమలాపురం, మొత్తం కోనసీమ. ఇవతల రైలు, అవతల మనుషులు, మధ్యలో పంటు. పంటు మీద మోటారుసైకిళ్లు, కొబ్బరికాయల బస్తాలు, పెళ్లివారు, మేకలు కలిసి దాటతాయి. ఆ పంటు ఏ మంత్రీ జెండా ఊపకుండా, ఏ సర్వే లేకుండా, గోదారికి మరీ కోపమొచ్చిన రోజుల్లో తప్ప నడుస్తూనే ఉంది. రైలు వంతెన కడితే మీ బతుకుతెరువు పోదా అని పంటువాళ్లను అడిగి చూడండి. మా నాన్న భయపడ్డాడండి, మాకా భయం లేదండి, అంటారు. ప్రభుత్వం మీద ప్రజలకున్న నమ్మకానికి ఇంతకన్నా గట్టి కొలమానం నాకు తెలీదు.

2020 మార్చిలో కరోనాకు దేశంలో ప్రయాణికుల బళ్లన్నీ ఆగిపోయాయి, దాంతో పాటు ఈ రైలుబస్సూ ఆగింది. తరవాత ఢిల్లీ బండి వచ్చింది, చెన్నై బండి వచ్చింది, మొనదేలిన మూతితో తెల్లటి వందేభారతులొచ్చాయి. కోటిపల్లి బండి మాత్రం ఏళ్లు గడిచినా క్వారంటైనులోంచి బయటికి రాలేదు. ఒంటిపెట్టె బండి గనక దూరం పాటించడం కుదరదనుకున్నారో ఏమో. మొదటిసారి మూసింది హిట్లరు పేరు చెప్పి, రెండోసారి మూసింది వైరస్ పేరు చెప్పి. ప్రపంచంలో ఏ మూల ఉపద్రవం పుట్టినా కోటిపల్లి స్టేషనుకు ముందుగా కబురందుతుంది. 1928 నుంచి 2020 దాకా తొంభై రెండేళ్లు లెక్కేస్తే రైలు నడిచింది పన్నెండూ పదహారూ కలిపి ఇరవై ఎనిమిదేళ్లు. మిగిలిన అరవై నాలుగూ విశ్రాంతి. ఉద్యోగం చేసేవాళ్లెవరికైనా ఇలాంటి సర్వీసు రిజిస్టరు కన్నుకుట్టక మానదు.

ఇక అసలు కథ, అంటే ఏరు దాటే కథ. కోటిపల్లి నుంచి అమలాపురం మీదుగా నరసాపురం దాకా 57 కిలోమీటర్ల లైను 2000–01 రైల్వే బడ్జెట్‌లో మంజూరైంది. అప్పుడు లోక్‌సభ స్పీకరు అమలాపురం ఎంపీ జి.ఎం.సి. బాలయోగి. పట్టుబట్టి సాధించాడు. 2002 మార్చి 3న కైకలూరు దగ్గర హెలికాప్టరు ప్రమాదంలో పోయాడు. ఎదుర్లంక–యానాం మధ్య గౌతమి మీద రోడ్డు వంతెన పూర్తయి ఆయన పేరు పెట్టుకుంది. రైలు వంతెనకు పేర్లకేం కొదవ, పెట్టడానికి వంతెనే లేదు. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అని మనవాళ్లు ఊరికే అనలేదు. కోటిపల్లిలో వెలసిన స్వామి సోమేశ్వరుడే కావడం వల్ల సామెత ఇక్కడికి అతికినట్టు సరిపోయింది.

మమతా బెనర్జీ మంజూరు చేసినప్పటి నుంచి రైల్వే శాఖ డజను మంది మంత్రుల చేతులు మారింది. నితీశ్ వచ్చాడు, లాలూ వచ్చాడు, మమత మళ్లీ వచ్చింది, కొందరు వచ్చిన సంగతి తెలిసేలోపే వెళ్లారు. వారిలో సురేశ్ ప్రభు గారి సంగతి ప్రత్యేకం. రైల్వే మంత్రిగా ఉండగానే 2016లో ఆయన మన ఆంధ్రప్రదేశ్ నుంచే రాజ్యసభకు వెళ్లారు. ఇంటి అల్లుడే రైల్వే మంత్రి అయ్యాడని కోనసీమ సంబరపడింది. అల్లుడు మరుసటేడు వేరే శాఖకు వెళ్లిపోయాడు. 2017లో రైల్వే బడ్జెట్‌నే ఎత్తేసి మామూలు బడ్జెట్‌లో కలిపేశారు. అంతకుముందు ఏడాదికోసారి ఫిబ్రవరిలో కోనసీమవాళ్లు టీవీ ముందు కూర్చుని మన లైనుకెంతిచ్చారో విని తిట్టుకునేవారు. ఇప్పుడు ఎంతివ్వలేదో వెతుక్కుని తిట్టుకోవలసొస్తోంది. అంచనా వ్యయం మాత్రం ఎవరి సాయం లేకుండా తనంతట తాను ఎదిగింది. వెయ్యి కోట్లన్నది రెండు వేల కోట్లు దాటేసింది. మొత్తం ప్రాజెక్టులో ఆలస్యం లేకుండా ముందుకెళ్లిందంటే అదొక్కటే.

గౌతమి, వైనతేయ, వశిష్ఠ, మూడు పాయల మీద మూడు వంతెనలు కావాలి. కష్టమే, కాదనను. గౌతమిలో స్తంభాలు లేచాయి కూడా. నీటికాకులకు రెక్కలారబెట్టుకోడానికి ఇంత ఖరీదైన ఏర్పాటు ఇంకెక్కడా లేదు. అయితే ఇదే గోదారి మీద రాజమండ్రి దగ్గర హేవ్‌లాక్ వంతెన పని 1897లో మొదలైంది, 1900లో దానిమీద రైలు నడిచింది. అఖండ గోదావరి, పాయ కాదు. దాదాపు మూడు కిలోమీటర్ల వెడల్పు. అప్పుడు కంప్యూటరు లేదు, సిమెంటు కాంక్రీటు లారీ లేదు, ఉపగ్రహ చిత్రం లేదు. తెల్లదొరను పొగడ్డానికి చెప్పడం లేదు, పట్టాలు పీకింది వాడి మనుషులే. వాడికి సరుకు ఓడరేవుకు చేరాలన్న తొందర ఉంది గనక మూడేళ్లలో కట్టాడు. మనకు తొందర లేదు గనక పాతికేళ్లలో స్తంభాలు కట్టాం. తొందర లేదన్నది ప్రజల గురించి కాదు లెండి.

ద్రాక్షారామం భీమేశ్వరాలయం గోడల నిండా శాసనాలు. చాళుక్యులు, చోళుల కాలం నాటివి. ఫలానా ఆమె అఖండ దీపం కోసం ఇన్ని గొర్రెలిచ్చింది, ఫలానావాడు ఇంత భూమి ఇచ్చాడు అని చెక్కి ఉంటాయి. అవన్నీ ఇచ్చేశాక చెక్కించిన రాళ్లు. ఈ లైను పుణ్యమా అని మనం శాసనాల్లో కొత్త ఒరవడి తెచ్చాం. ముందు రాయి చెక్కిస్తాం, ఇవ్వడం సంగతి తరవాత చూస్తాం. వెయ్యేళ్ల తర్వాత పురావస్తుశాఖవారు తవ్వితే ఇక్కడ గొప్ప రైల్వే నాగరికత విలసిల్లిందని తేల్చేస్తారు. పట్టాలెందుకు దొరకలేదంటే, మళ్లీ యుద్ధమొచ్చి ఉంటుందని సిద్ధాంతం రాస్తారు.

ఆలస్యానికి కారణమడిగితే ఢిల్లీ అమరావతిని చూపిస్తుంది. ఖర్చులో పావువంతు రాష్ట్రం భరించాలన్నది ఒప్పందం. రాష్ట్రం జమ చెయ్యలేదు గనక మేం కదలలేదని పార్లమెంటులో జవాబు. రాష్ట్రాన్ని అడిగితే విభజన కష్టాలు, ఖజానా కష్టాలు, పాత ప్రభుత్వం చేసిన పాపాలు. ప్రభుత్వం మారినప్పుడల్లా పాత ప్రభుత్వం కొత్తదవుతుంది గనక ఈ జవాబుకు కాలదోషం పట్టదు. అమ్మ పెట్టదు, అడుక్కు తిననివ్వదు. ఇందులో అమ్మ ఎవరో తేల్చుకోడానికే ఇరవై అయిదేళ్లు పట్టింది.

డబ్బు లేదనకండి. ఈ నేల కిందినుంచి తీసుకెళ్లింది తక్కువేం కాదు. 1995 జనవరిలో పాశర్లపూడి దగ్గర ఓఎన్‌జీసీ బావి పేలి రెండు నెలలకు పైగా మండింది. ఆ వెలుగులో చుట్టుపక్కల ఊళ్లవాళ్లకు రాత్రిళ్లు దీపం అక్కర్లేకపోయింది. 2014 జూన్‌లో నగరం అనే ఊళ్లో గ్యాసు గొట్టం పేలి మనుషులు కాలిపోయారు. గ్యాసు వెళ్లడానికి గొట్టాలెయ్యాలంటే ఏ పాయా అడ్డురాలేదు, ఏ వాటా తగువూ రాలేదు. కోనసీమలో పుట్టడమే పొరపాటు, పుడితే సహజవాయువుగా పుట్టాలి. ఏ ఎక్స్‌ప్రెస్సు కోసమూ రాజమండ్రి పరిగెత్తకుండా ఇంటి కిందినుంచే బయల్దేరొచ్చు.

అందుకని నా ప్రతిపాదన. రైల్వేకు తొందర పుట్టించగలిగింది ఈ తొంభై ఏళ్లలో ఒక్క యుద్ధమే. కోటిపల్లిలో శత్రువులున్నారని ఎవరైనా గట్టిగా పుకారు పుట్టించాలి. సైన్యాన్ని దించడానికి గౌతమి మీద వంతెన వర్షాకాలంలోపు పడుతుంది. కాకినాడకు మెయిన్ లైను అడిగి అడిగి గొంతు పోగొట్టుకున్న పిఠాపురంవాళ్లు కూడా ఇదే కిటుకు వాడుకోవచ్చు, అక్కడ పడవలసింది పట్టుమని పాతిక కిలోమీటర్లు కూడా కాదు. ఒక్క జాగ్రత్త మాత్రం తీసుకోవాలి. యుద్ధం ఎక్కువ రోజులు సాగితే ఆ పట్టాలు ఇంకెక్కడో కావలసొచ్చి మళ్లీ పీక్కుపోతారు. నాలుగైదు నెలల్లో ముగిసే యుద్ధం చూసుకోవాలి.

పుకారు పుట్టించడం నేరమంటారా, సరే, చట్టబద్ధమైనది ఇంకోటుంది. అమలాపురం లోక్‌సభ స్థానానికి పోటీ చెయ్యదలచినవాళ్లు, ఏ పార్టీవారైనా, ఈ లైనును హామీల కాగితంలో రాయొద్దు, రథం మీంచి అరవొద్దు. కోటిపల్లి స్టేషనులో టిక్కెట్టు కొనుక్కుని, గౌతమి మీద రైల్లో దాటి, అమలాపురంలో దిగి నామినేషను వెయ్యండి. కారొద్దు, పంటొద్దు, యానాం వంతెన చుట్టుదారీ వద్దు. నామినేషన్లు పుచ్చుకునేది పొద్దున పదకొండు నుంచి మధ్యాహ్నం మూడు దాకా. మూడు దాటి నిమిషమైతే రిటర్నింగ్ అధికారి గుమ్మం మూసేస్తాడు, విచారిస్తున్నామని మైకులో చెప్పడం కూడా ఉండదు.